పైసలు పాసుబుక్కుకు, పాట్లు మనకు

(సూర్యాపేటలో జరిగిన దళిత కౌలుదార్ల, వ్యవసాయ కూలీల సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయానికి సర్కారు ఇచ్చే సబ్సిడీల గురించి మాట్లాడమని నన్ను అడిగిండ్రు. సబ్సిడీ అన్న మాట వినంగనే మనోళ్ళు చాలామంది "అది భూములున్నోళ్ళ ముచ్చట, మనదేముంది" అని లేచి బీడీ ముట్టించుకుంటరు. నేను అక్కడ్నుంచే మొదలుపెడత. వ్యవసాయం మీద పెట్టే సర్కారు సొమ్ము మన ముచ్చట కాకుండా ఎట్ల పోయింది? నారు పీకేది మనం. నాటేసేది మనం. కలుపు తీసేది, మందు చల్లేది, బస్తా మోసేది మనం. మిల్లుకాడ హమాలీ మనం. వ్యవసాయంలోంచి ఈ చెమటంతా తీసేస్తే ఏం మిగులుతది? ఒక పాసుబుక్కు మిగులుతది. ఇయ్యాల సర్కారు సాయం ఆ పాసుబుక్కుకే పోతున్నది. సాగు చేసేటోనికి పోతలేదు.

ఈ సభలో నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. పాసుబుక్కును చూసి ఇచ్చే సాయం, వెనకటి భూమి పంపకాన్నే మళ్ళా రూపాయల్లో పంచుతది. ఆ పంపకం చేసింది కులం.

పథకం ఏం చెప్పింది?

ముందుగాల సంగతి సూటిగా తెలుసుకుందాం. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4 వేలు, ఏడాదికి 8 వేలు. 2019 వానాకాలం నుంచి పంటకు 5 వేలు, ఏడాదికి 10 వేలు చేసిండ్రు. 2023 నాటికి ఈ ఒక్క పథకం కింద 70 వేల కోట్ల రూపాయలకు పైగా పంచిండ్రు.

ఈ పథకానికి రెండు గుణాలున్నయ్. ఒకటి, ఎంత భూమి ఉంటే అంత సాయం. పైన గీత లేదు. రెండు, పట్టాదారుకే సాయం. కౌలు అన్నది పట్టాదారుకూ కౌలుదారుకూ నడుమ ఉన్న వ్యవహారం, దానిలో సర్కారు తలదూర్చదు అన్నది అప్పటి పాలకుల వాదన.

2019 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం కిసాన్ తెచ్చింది. కుటుంబానికి ఏడాదికి 6 వేలు, మూడు కిస్తీల్లో. దానిలో ఒక్క మంచి ఉన్నది, ఎకరాలు పెరిగితే సొమ్ము పెరగదు. కానీ దానికీ పేరు మీద భూమి ఉండాల్సిందే.

2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఎన్నికల్లో గెలిచిన పార్టీ రైతుకూ కౌలురైతుకూ ఏడాదికి ఎకరానికి 15 వేలు, భూమి లేని కూలీకి 12 వేలు ఇస్తమని రాసిచ్చింది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైంది. ఎకరానికి ఏడాదికి 12 వేలు. గుట్టలకు, ప్లాట్లు చేసిన భూములకు, రోడ్లకింద పోయిన భూములకు ఇయ్యమన్నరు, అది మంచిదే. అదే రోజు భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. కూలీ పేరు సర్కారు సాయం జాబితాకు ఎక్కడం చిన్న విషయం కాదు. అది మన పోరాటాల ఫలితమే. కానీ ఎకరాలకు పైన గీత మాత్రం గీయలేదు. 2025లో సొమ్ము పంచినప్పుడు కౌలుదారు పేరు జాబితాలో లేదు. పార్టీ మారింది, పేరు మారింది, పాసుబుక్కు రాజ్యం మారలేదు.

ఒక లెక్క చేద్దాం

నేను బడిపంతుల్ని. బోర్డు మీద లెక్క చేస్తేగాని నాకు పాఠం చెప్పినట్టుండదు. ఎకరానికి ఏడాదికి 12 వేల చొప్పున చూడండి.

ఊళ్ళో ఇరవై ఎకరాల ఆసామికి 2 లక్షల 40 వేలు. రెండెకరాల చిన్నరైతుకు 24 వేలు. పది గుంటల మాదిగ ఎంకన్న అనుకుందాం, ఆయనకు 3 వేలు. భూమి లేని కూలీ కుటుంబానికి, అన్ని షరతులూ దాటితే, 12 వేలు. ఆసామి ఇరవై ఎకరాల్లో ఐదెకరాలు కౌలుకు తీసుకొని దున్నేటోనికి సున్న.

పది గుంటల ఎంకన్న దగ్గర కొంచెం ఆగుదాం. నలభై గుంటలైతే ఒక ఎకరం. పది గుంటలంటే పావు ఎకరం. ఆ పావు ఎకరం మీద కుటుంబం బతుకదు. ఎంకన్నా, ఆయన భార్యా ఏడాదంతా కూలికే పోతరు. కానీ ఆయన పేరు మీద పాసుబుక్కున్నది కాబట్టి ఆయన రైతు అయిండు, కూలీ కాకుండా పోయిండు. కూలీ సాయం 12 వేలు రాదు, రైతు సాయం 3 వేలే వస్తది. అంటే తాత సంపాదించిన పది గుంటలు ఆ కుటుంబానికి ఏడాదికి 9 వేల నష్టం తెచ్చినయ్! మన వాడల్లో ఇట్లాంటి గుంటల రైతులు ఎంతమంది ఉన్నరో మీకే ఎరుక.

ఇంకో లెక్క. 2018-19 నుంచి 2022-23 దాకా ఐదేండ్లు. పథకం చెప్పిన రేటు ప్రకారం ఎకరానికి మొదటి ఏడు 8 వేలు, తర్వాత నాలుగేండ్లు 10 వేల చొప్పున 40 వేలు, మొత్తం 48 వేలు. ఇరవై ఎకరాల ఆసామికి 9 లక్షల 60 వేలు. 2021లో దళితబంధు వచ్చింది. కుటుంబానికి 10 లక్షలు. హుజూరాబాద్‌లో మొదలుపెట్టి, తర్వాత నాలుగు మండలాలను తీసుకున్నరు. వాటిలో మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరి ఒకటి. అప్పుడు చాయ్ హోటళ్ళకాడ ఎన్ని మాటలు విన్నం! "వాళ్ళకు ఉత్త పుణ్యానికి పది లక్షలు" అన్నరు. "పని చేసుకునేటోళ్ళను చెడగొడుతున్నరు" అన్నరు. అదే ఐదేండ్లలో ఇరవై ఎకరాల ఆసామి ఖాతాలో దాదాపు పది లక్షలు చప్పుడు చెయ్యకుండా పడ్డయ్. దరఖాస్తు లేదు, ఎంపిక లేదు, ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడేది లేదు. దాన్ని ఎవరూ ఉత్త పుణ్యం అనలేదు. దాన్ని పెట్టుబడి సాయం అన్నరు. మనకిస్తే దానం, వాళ్ళకిస్తే సాయం! సొమ్ముకు కూడా కులం ఉన్నదన్నట్టే గదా?

మూడో లెక్క బడిది. సర్కారు హాస్టళ్ళలో మూడు నుంచి ఏడో తరగతి దాకా చదివే పిల్ల తిండికి నెలకు 950 రూపాయలుండె. ఎన్నో ఏండ్లు మొత్తుకుంటే 2024లో 1,330 చేసిండ్రు. పది నెలలకు 13,300. ఇరవై ఎకరాల ఆసామికి ఒక్క ఏడాది ఇచ్చే సాయంతో పద్దెనిమిది మంది మన పిల్లలు ఏడాదంతా తినొచ్చు. హాస్టలు పిల్ల గుడ్డుకాడికి వచ్చేసరికి ఖజానాలో పైసలుండయ్. ఎకరాలకాడికి వచ్చేసరికి మాత్రం గీత గీయడానికి చెయ్యి రాదు.

పట్టా ఎవరి చేతికి ఎట్ల వచ్చింది?

"భూమి ఉన్నోళ్ళకు ఇస్తున్నరు, మీకు లేకపోతే సర్కారేం చేస్తది?" అని అడుగుతరు. భూమి ఆకాశం నుంచి పడలేదు. ఈ సూర్యాపేట తాలూకాలనే ఎర్రపాడు దేశముఖు కింద లక్షన్నర ఎకరాలుండెనని పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. ఆ గడీల కింద మాదిగలు, మాలలు వెట్టి చేసిండ్రు. చెప్పులు కుట్టిండ్రు, మోటలు కొట్టిండ్రు, నీళ్ళు కట్టిండ్రు, కబుర్లు మోసిండ్రు. 1946 నుంచి 1951 దాకా ఈ జిల్లా "దున్నేవానికే భూమి" అని లేచింది. పోరాటంలో మనోళ్ళు ముందున్నరు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, పారిపోయిన దొరలు చాలామంది తిరిగొచ్చిండ్రు, పంచిన భూములు చాలా ఊళ్ళల్లో మళ్ళా వాళ్ళ కిందికే పోయినయ్.

1951 ఏప్రిల్ 18న అప్పటి మన జిల్లా పోచంపల్లిలో దళితులు వినోబా ముందు నిలబడి అడిగింది ఎంత? 80 ఎకరాలు. ఊరి దళితులంతా కలిసి అడిగింది 80 ఎకరాలు! 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. తరి భూమి కుటుంబానికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు మించొద్దన్నది. భూములున్నోళ్ళు కొడుకుల పేర, కోడళ్ళ పేర, అల్లుళ్ళ పేర, కడకు పాలేర్ల పేర కూడా రాసుకొని గట్టెక్కిండ్రు. ఒకనాడు సీలింగు తప్పించుకోవడానికి రాసిన కాగితాలే ఇయ్యాల సాయం తీసుకోవడానికి పనికొస్తున్నయ్. అప్పుడు చట్టానికి దొరకలేదు, ఇప్పుడు ఖజానాకు మాత్రం దొరుకుతున్నరు.

తెలంగాణ వచ్చినంక 2014 ఆగస్టు 15న భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలు ఇచ్చే పథకం మొదలైంది. ఏడేండ్లకు లెక్క చూస్తే 7 వేల కుటుంబాలకు లోపే, 17 వేల ఎకరాల దాకనే పంచిండ్రు. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం రాష్ట్రంలో వందకు పదిహేను మందికి పైగా ఉన్నం. సాగుభూమిలో మాత్రం మన చేతిలో ఉన్నది పదో వంతు కన్నా తక్కువ. అందులో మంచి నీళ్ళపారకం భూమి ఎంతని మళ్ళా వేరే అడగాలె.

మరి ఎకరాన్ని కొలిచి సాయం ఇస్తే మనకు ఎంత వస్తది? మన భూమి ఎంతనో అంతే వస్తది. కులం తక్కువ చేసిన కాడల్లా సాయం తక్కువైతది. దీనికి పాసుబుక్కుల్లో కులం కాలం అక్కర్లేదు. ఎకరాల కాలమే కులం కాలం.

కాలువ కింద ముచ్చట

మిర్యాలగూడ, కోదాడ అన్నలకు ఈ సంగతి బాగ తెలుసు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాది రాయి పడ్డది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలిండ్రు. ఎడమ కాలువ మన జిల్లా కడుపులోంచి పోయింది. సర్కారు సొమ్ముతో తవ్విన కాలువ అది. అప్పటి దాకా జొన్న, ఆముదం పండిన నేల వరి నేల అయింది, భూమి ధర పెరిగింది. కోస్తా జిల్లాల నుంచి కూడా వచ్చి భూములు కొన్నరు. భూమి ఉన్నోనికి ఎకరం బంగారమైంది. భూమి లేనోనికి కూలి దినాలు పెరిగినయ్, అంతే.

సబ్సిడీ అంటే రైతుబంధు ఒక్కటే కాదు. కాలువ నీళ్ళు సబ్సిడీ. 2004 నుంచి బోర్లకు ఉచిత కరెంటు సబ్సిడీ, 2018 జనవరి 1 నుంచి అది ఇరవై నాలుగు గంటలైంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతదంటే మిగిలిన ఖర్చు కేంద్రం భరిస్తున్నది. 2024లో 2 లక్షల దాకా రుణమాఫీ చేసిండ్రు, పాతిక లక్షల మందికి 20 వేల కోట్లకు పైగా. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్సు ఇచ్చిండ్రు. వీటిలో ఏది తీసుకున్నా ఎక్కువ ఎకరాలున్నోనికి ఎక్కువ. బోరు లేనోనికి ఉచిత కరెంటు ఎట్ల వస్తది? బ్యాంకు అప్పే ఇయ్యనోనికి ఏం మాఫీ చేస్తరు? కౌలుదారు అప్పు షావుకారి నోటు మీద ఉంటది, మందుల దుకాణపాయన చిట్టాలో ఉంటది. ఆ చిట్టాను మాఫీ చేసిన సర్కారు ఇప్పటిదాకా పుట్టలేదు.

ఇగ మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు బారులు తీరుతయ్. మద్దతు ధర, బియ్యం సేకరణ అన్నీ సర్కారు సొమ్ముతోనే నడుస్తయ్. ఆ గొలుసులో బస్తా ఎత్తే హమాలీ, ధాన్యం ఎండబోసే ఆడకూలి ఎవరు? వాళ్ళకు ఆ సొమ్ములోంచి ఏ పేరు మీద ఎంత వస్తున్నదని అడిగేటోడు లేడు.

కౌలుదారు: పెట్టుబడి ఆయనది, సాయం ఇంకొకరిది

రైతు స్వరాజ్య వేదిక 2022లో 20 జిల్లాల్లో ఊర్లు తిరిగి సర్వే చేసింది. సాగు చేసేటోళ్ళలో వందకు 36 మంది కౌలుదార్లని తేలింది. అంతకు ముందు 2018లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి 692 రైతు ఆత్మహత్యల కుటుంబాలను కలిసిండ్రు. చనిపోయినోళ్ళలో నూటికి 75 మంది కౌలు చేసినోళ్ళే. ఆ లెక్కను ఒక్కసారి మనసుకు తెచ్చుకోండి. ఎవరు చస్తున్నరో వాళ్ళకు సాయం లేదు. ఎవరికి సాయం వస్తున్నదో వాళ్ళు పొలానికే రారు.

పట్టాదారు హైదరాబాద్‌ల ఉంటడు, కొందరు అమెరికాలో కూడా ఉన్నరు. కౌలు ముందే తీసుకుంటడు. ఐదెకరాలకు ఏడాదికి 60 వేల భరోసా కూడా ఆయన ఖాతాలోనే పడతది. విత్తనం, దుక్కి, నాటు, ఎరువు, కోత మిషను కిరాయి అంతా కౌలుదారుది. పంట పోతే అప్పు కౌలుదారుది. 2024 సెప్టెంబరు 1 వరదకు నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డది. కోదాడ నీళ్ళల్లో మునిగింది. అట్లాంటి వరదొచ్చినప్పుడు పట్టాదారు భూమి ఏడికీ పోదు. కొట్టుకపోయేది కౌలుదారు పైరు.

2018 ఆగస్టు 15 నుంచి రైతుబీమా పెట్టిండ్రు, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. అది కూడా పట్టాదారుకే. కౌలుదారు చనిపోతే ఆయన భార్యకు ఆ బీమా లేదు. సర్కారు దృష్టిలో ఆయన రైతుగా బతుకలేదు కాబట్టి రైతుగా చావలేదు!

కౌలుదార్లందరూ దళితులని నేను అంటలేను. బీసీలున్నరు, గిరిజనులున్నరు, పేద రెడ్లు కూడా ఉన్నరు. కానీ మనకు కౌలు ఒక్కటే దారి. ఇంకొకనికి సొంత మూడెకరాలుండి ఇంకో ఐదెకరాలు కౌలుకు పడతడు. మనోడు మొత్తం కౌలే. సొంత భూమి కాగితం లేకుంటే బ్యాంకు మెట్టు ఎక్కనియ్యరు.

ఉన్న భూమికి కూడా ఎందుకు రాదు?

ఉన్న కొద్ది భూమికి కూడా మనకు సాయం అందకపోవడానికి కారణాలున్నయ్. ఇవి ఊరూరా చూసుకోవాల్సినయ్, అందుకే వివరంగ చెబుతున్న.

మొదటిది ఫౌతి. తండ్రి పేరు మీద పట్టా ఉంటది, తండ్రి చనిపోతడు. విరాసత్ చేయించుకోకపోతే ఆయన పేరు మీద వచ్చే సాయం ఆగిపోతది. అన్నదమ్ముల నడుమ తెగక, మీసేవకు, తహశీల్ ఆఫీసుకు తిరుగలేక ఏండ్లకేండ్లు వదిలేసినోళ్ళున్నరు.

రెండోది, 2017 సెప్టెంబరు నుంచి భూరికార్డుల ప్రక్షాళన చేసినప్పుడు తగాదా ఉన్నదని పార్ట్-బిలో పెట్టిన భూములు. పార్ట్-బిలో పడితే కొత్త పాసుబుక్కు లేదు, పాసుబుక్కు లేకపోతే రైతుబంధు లేదు. తగాదా పెట్టేది బలమున్నోడు. నష్టపోయేది బలం లేనోడు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, తప్పు సరిచేసే దారి ఊరికి ఇంకా దూరమైంది. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజునే, ధరణి స్థానంలో భూభారతి మొదలుపెట్టిండ్రు. తేదీ మనది పెట్టిండ్రు. న్యాయం కూడా మనకు పెడతరా అన్నది మన దరఖాస్తులతోనే తేలాలె.

మూడోది ఇనాం భూములు. నీరడి మాన్యాలు, ఊరి కావలి మాన్యాలు మన తాతలు చాకిరీ చేసి సంపాదించినయ్. 1955 ఇనాముల రద్దు చట్టం కింద ఓఆర్‌సీ తీసుకోకపోతే అవి పట్టా కావు. ఎవరు చెప్పిండ్రు మన తాతలకు ఓఆర్‌సీ అంటే ఏందో?

నాలుగోది అసైన్డు భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కొనరాదు. అయినా పెండ్లి ఖర్చుకో, దవాఖాన ఖర్చుకో తెల్లకాగితం మీద రాయించుకొని ఆసాములు కలుపుకున్నరు. కాగితం ఒకని దగ్గర, కబ్జా ఇంకొకని దగ్గర.

ఐదోది ఆడోళ్ళ సంగతి. నాటు, కలుపు అంతా అక్కలది. మరి పాసుబుక్కు మీద ఫొటో ఎవరిది? మొగోనిది. సొమ్ము ఆయన ఖాతాలో పడతది. మన వాడలో కూడా ఈ మాట అడగాలె.

ఇగ పట్నం కూలీ సంగతి. ఆత్మీయ భరోసా కోసం 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పని చేసి ఉండాలని షరతు పెట్టిండ్రు. ఉపాధి హామీ పల్లెలకే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ మున్సిపాలిటీలే. ఈ పట్నాల వాడల నుంచి పొద్దుగాల ఐదు గంటలకే సద్ది కట్టుకొని, ఆటోల కిక్కిరిసి నాట్లకు పోయే అక్కలు ఎంతమంది! వాళ్ళకు జాబుకార్డు లేదు, కాబట్టి వాళ్ళు కూలీలు కాదు! మున్సిపాలిటీ కూలీలను వదిలేసిండ్రని 2025 జనవరిలో హైకోర్టు దాకా పోయిండ్రు. బురదలో దిగే కాళ్ళకు మున్సిపాలిటీ, పంచాయతీ అని తేడా ఉంటదా?

మన సంచిలోంచే మనకు

ఇంకొక మాట జాగ్రత్తగ వినండి. 2013లో కొట్లాడి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నం. 2017లో తెలంగాణలో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అన్నరు. వెనుకబడ్డ మనను మిగతావాళ్ళతో సమానం చెయ్యడానికి అదనంగ పెట్టే సొమ్ము అది. కానీ దళిత రైతు ఖాతాలో పడే పెట్టుబడి సాయాన్ని కూడా ఈ నిధి పద్దులోనే రాస్తరు. అంటే అందరికీ ఇచ్చే సాయం ఆసామికి సర్కారు సంచిలోంచి వస్తది, మనకు మన సంచిలోంచే తీసి మనకే ఇస్తరు. పేరు దళిత అభివృద్ధి. పెళ్ళిలో అందరితో పాటు అన్నం పెట్టి, మన కట్నం డబ్బుల్లోంచి దాని ఖర్చు కోసుకున్నట్టున్నది!

"గుర్తించలేం" అన్న సాకు

కౌలుదారుని ఎట్ల గుర్తించాలె అని అడుగుతరు. ఎవని పొలం ఎవడు చేస్తున్నడో ఊళ్ళో చిన్నపిల్లగాడు కూడా చెబుతడు. రాష్ట్రంలో 2,601 రైతువేదికలు కట్టిండ్రు. దాదాపు ఐదువేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నడు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉన్నదో రాసుకుంటున్నరు. పంట పేరు రాసే చెయ్యి పండించేటోని పేరు రాయలేదా? 2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో దాదాపు 9 వేల కోట్లు రైతుల ఖాతాల్లో వేసిన సర్కారు ఇది. చేతకాక కాదు, ఇష్టం లేక.

చట్టం కూడా కొత్తగ పుట్టించాల్సిన పని లేదు. 1950లోనే హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుని గుర్తించింది. 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలుదారుకు ఏడాది ఏడాదికి కార్డు ఇయ్యాలె, దానితో పట్టాదారు హక్కుకు ఏ దోకా లేదు అన్నది ఆ చట్టం. 2023 మార్చిలో వడగండ్లకు పంట పోయినప్పుడు ఎకరానికి 10 వేలు ప్రకటించి, కౌలుదార్లను కూడా ఆదుకోవాలని చెప్పింది ఎవరు? కౌలుదారుకు రైతుబంధు ఇయ్యమన్న ఆ ప్రభుత్వమే. అప్పుడు కౌలుదారు కండ్లకు కనబడ్డడు గదా!

కోదాడ దాటి రామాపురం క్రాసురోడ్డు అవతలికి పోతే ఆంధ్ర. అక్కడ 2019 అక్టోబరు 15న మొదలైన రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు ఏడాదికి 13,500 అన్నరు. మెలిక కూడా పెట్టిండ్రు, కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలె. చాలామంది ఆసాములు సంతకం పెట్టలేదు. అది కూడా మనకు పాఠమే. దొర సంతకం మీద ఆధారపడ్డ హక్కు హక్కు కాదు. ఒడిశాలో 2018 చివర తెచ్చిన కాలియా పథకంలో చిన్న రైతు కుటుంబానికి ఎకరాలతో పని లేకుండా ఒకే మొత్తం ఇచ్చిండ్రు, భూమి లేని వ్యవసాయ కుటుంబాలను కూడా చేర్చిండ్రు. ఇవి పెద్ద పెద్ద విప్లవాలు కావు. వేరే రాష్ట్రాల్లో చేసి చూపించిన పనులు.

మనం ఏం అడగాలె, ఏం చెయ్యాలె

మనం చిన్నరైతుకు వ్యతిరేకం కాదు. రెండెకరాల గొల్ల మల్లన్నకు, మూడెకరాల గౌడన్నకు వచ్చే సాయాన్ని తీసెయ్యమని ఎవరూ అంటలేరు. ఆ అన్నలను మనతో కలుపుకోవాలె. గీత గీస్తే నష్టపోయేది వాళ్ళు కాదు. గీత పైన మిగిలిన సొమ్ముతో కౌలుదారుకూ కూలీకీ ఇయ్యొచ్చని వాళ్ళకు లెక్కతో సహా చెప్పాలె.

మన డిమాండ్లు ఇవి:

ఒకటి. సాయానికి ఎకరాల పరిమితి పెట్టాలె. సాగు చెయ్యని పట్టాదారుకు సాయం ఆపాలె.

రెండు. 2011 చట్టం ప్రకారం ప్రతి కౌలుదారుకు గ్రామసభలో కార్డు ఇయ్యాలె. యజమాని సంతకం అడుగొద్దు. ఆ కార్డు మీదనే సాయం, బీమా, పంట నష్టం, బ్యాంకు అప్పు అన్నీ ఇయ్యాలె.

మూడు. ఎకరం లోపు గుంటల రైతులను కూలీ సాయం కింద కూడా లెక్కపెట్టాలె. మున్సిపాలిటీ వాడల్లో ఉండే వ్యవసాయ కూలీలకు జాబుకార్డు షరతు తీసెయ్యాలె.

నాలుగు. అందరికీ ఇచ్చే సాయాన్ని ఎస్సీ ప్రత్యేక నిధి పద్దులో రాయడం ఆపాలె. ఆ నిధితో నీళ్ళున్న భూమి కొని భూమి లేని దళిత ఆడోళ్ళ పేర పట్టా చెయ్యాలె.

ఐదు. ఇనాం, అసైన్డు, పార్ట్-బి భూముల తగాదాలను ఊళ్ళోకి వచ్చి, అందరి ముందు తేల్చాలె.

అడిగితే ఇయ్యరు, లెక్కతో అడిగితే తప్పించుకోలేరు. అందుకని సభ నుంచి పోయినంక ఊరికి ఇద్దరు చదువుకున్న తమ్ముళ్ళు, ఇద్దరు అక్కలు కూసోని ఒక నోటుబుక్కు పెట్టండి. వాడలో ఇల్లిల్లూ తిరిగి నాలుగు సంగతులు రాయండి. సొంత భూమి ఎన్ని గుంటలు, పాసుబుక్కు ఎవరి పేర ఉన్నది, కౌలు ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు, ఎవరి భూమి. ఎవరికి సాయం ఆగిందో, ఎందుకు ఆగిందో రాయండి. ఫౌతి కేసులన్నీ ఒక్క రోజు కట్టగట్టి తహశీల్ ఆఫీసుకు తీసుకపోండి. ఒక్కడు పోతే రేపు రమ్మంటరు. నలభై మంది పోతే కుర్చీ వేసి వింటరు. 2005 సమాచార హక్కు చట్టం కింద, మన ఊరికి ఎన్ని ఎకరాలకు ఎంత సాయం వచ్చిందో అడగండి. ఆ అంకె గ్రామసభలో గట్టిగ చదవండి. దరఖాస్తు ఇస్తే రసీదు లేకుండా కదలకండి. నోటి మాటకు విలువ లేని రాజ్యంలో రసీదే మన సాక్షి.

ఆసామి కౌలు గుంజుకుంటడని భయముంటది, నాకు తెలుసు. అందుకే ఒక్కొక్కరుగా పేరు ఇయ్యొద్దు. ఊరి కౌలుదార్లందరూ ఒకే రోజు, ఒకే కాగితం మీద పెట్టండి. అందరి కౌలూ గుంజుకొని ఆసామి తానే బురదలో దిగుతడా?

1947లో బాబాసాహెబ్ "రాష్ట్రాలు - మైనారిటీలు" అన్న పత్రం రాసి రాజ్యాంగసభకు ఇచ్చిండు. వ్యవసాయ భూమి రాజ్యానిది కావాలని, కుల భేదం లేకుండా ఊరోళ్ళకు సాగుకు ఇయ్యాలని, భూస్వామి, కౌలుదారు, భూమి లేని కూలీ అన్న మూడు జాతులే ఉండొద్దని చెప్పిండు. ఆ మాటను రాజ్యాంగంలోకి రానియ్యలేదు. వచ్చి ఉంటే ఇయ్యాల పాసుబుక్కు ముందు మనం చెయ్యి చాపాల్సిన పని ఉండేది కాదు. ఆయన విగ్రహం ఊరూరా పెట్టుకున్నం, దండలేస్తున్నం. ఆయన చూపుడువేలు ఎటు చూపిస్తున్నదో కూడా చూద్దాం. పార్లమెంటు దిక్కు చూపిస్తున్నదంటరు. మన ఊళ్ళల్లో ఆ వేలు పొలం దిక్కు కూడా చూపిస్తున్నదని నేనంట.

దున్నేటోని పేరు రికార్డుకు ఎక్కాలె! సాయం చెమటకు దక్కాలె!

జై భీమ్!